సగం పూసిన తురాయి

ఏప్రిల్ నెలాఖరుకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాల్లో పచ్చదనం తరిగి, నల్లరేగడి నెర్రెలు విచ్చే వేళకు, రోడ్ల పక్కనా బడుల ఆవరణల్లోనూ ఎర్రగా విరగబూసి కనిపించే చెట్టు తురాయి. గుల్‌మొహర్ అన్న పేరుతోనూ అందరికీ పరిచయమైన ఈ చెట్టు పూత అన్నిచోట్లా ఒకేసారి రాదు, ఒకే చెట్టుకు అన్ని వైపులా సమంగానూ రాదు. పాణ్యం వంటి ఊళ్లో ఒక వీధి తురాయి నిండుగా పూసి రాల్చే దశకు వచ్చినా పక్క వీధి చెట్టు ఇంకా ఆకుతోనే ఉండవచ్చు. ఒకే మానుకు తూర్పు కొమ్మలు ఆకు కనబడనంతగా పూసి, పడమటి కొమ్మలు ఒక్క మొగ్గయినా లేకుండా నిలవవచ్చు. ఇలాంటి చెట్టుకు తెగులు పట్టిందనో, మొక్క జాతి మంచిది కాదనో అనుకోవటం పరిపాటి. చాలా సందర్భాల్లో ఈ రెండూ నిజం కావు. పూయాలా వద్దా అన్నది చెట్టు మొత్తానికి ఒకచోట జరిగే నిర్ణయం కాదు. ప్రతి రెమ్మ కొసలోనూ, ఆ రెమ్మకు అందిన వెలుతురును, నీటిని, ఆహారాన్ని బట్టి విడిగా జరిగే నిర్ణయం. సగం పూసిన చెట్టును జాగ్రత్తగా చూస్తే, గడిచిన ఏడాది రెండేళ్లలో దాని ఒక్కొక్క వైపుకు ఏం జరిగిందో ఆ పూతలోనే తెలుస్తుంది.

తురాయి ఈ నేలకు పుట్టుకతో వచ్చిన చెట్టు కాదు. దాని స్వస్థలం మడగాస్కర్ దీవి పడమటి భాగంలోని, ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవులు. వెన్సెస్లాస్ బోయర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త సేకరించి ఇచ్చిన వివరాల ఆధారంగా 1829లో ఇంగ్లండులో దీని శాస్త్రీయ వర్ణన అచ్చయింది. ఆ తరువాతి కాలంలో ఉష్ణమండల దేశాలన్నిటికీ అలంకార వృక్షంగా వ్యాపించింది. మడగాస్కర్‌లో ఇది సున్నపురాతి నేలల్లో బాగా పెరుగుతుంది కనుక, నాపరాయికి పేరుపొందిన నంద్యాల సీమ దీనికి పరాయిది అనిపించకపోవటంలో వింత లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ దీవిలో తురాయి నవంబరు, డిసెంబరు నెలల్లో పూస్తుంది. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ వరకు పూస్తుంది. నెలలు వేరైనా రుతువు ఒకటే. రెండుచోట్లా అది పొడికాలం ముగింపు, పగలు పెరుగుతూ ఎండ ముదిరే సమయం. అంటే ఈ చెట్టు పూత కాలాన్ని నడిపించేవి దిన పరిమాణం, ఉష్ణోగ్రత, నీరు. ఇందులో మొదటి రెండూ ఊరంతటికీ దాదాపు ఒకటే అయినా మూడోది అడుగడుగుకూ మారుతుంది. అసమానత మొదలయ్యేది అక్కడే.

అయితే నీటి సంగతికి ముందు మొగ్గ సంగతి తెలియాలి. రెమ్మ కొసలో, కంటికి కనబడనంత చిన్న కణాల ముద్ద ఒకటి నిరంతరం విభజన చెందుతూ ఉంటుంది. దీనిని అగ్ర విభాజ్య కణజాలం అంటారు. మామూలుగా అది ఆకులను, కాండాన్ని పుట్టిస్తుంది. తగిన సంకేతం అందినప్పుడు అదే కణజాలం దారి మార్చుకొని పూగుత్తిని పుట్టిస్తుంది. తురాయి పూగుత్తులు రెమ్మల కొసల దగ్గరే వస్తాయి కనుక, కొస పోతే ఆ ఏటి పూత చాలావరకు పోయినట్లే. ఈ సంకేతం ఆకులో తయారై మొగ్గకు ప్రయాణించే ఒక పదార్థమని 1937లో సోవియట్ యూనియన్‌కు చెందిన మిఖాయిల్ చైలఖ్యాన్ ప్రతిపాదించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. ఆ పదార్థం ఏమిటో తేలటానికి 70 ఏళ్లు పట్టింది. 2007లో జర్మనీ, జపాన్ పరిశోధక బృందాలు అది ఎఫ్‌టి అనే చిన్న ప్రోటీన్ అని, ఆకులో పుట్టి, ఆహారాన్ని మోసే పోషక కణజాలం గుండా మొగ్గను చేరుతుందని చూపాయి. ఇందులో ప్రస్తుత విషయానికి ముఖ్యమైన అంశం ఒకటుంది. పోషక కణజాలంలో ప్రవాహం ఆహారం తయారయ్యే ఆకుల నుంచి దానిని వాడుకునే దగ్గరి మొగ్గలకే ఎక్కువగా సాగుతుంది గనుక, ఒక పక్క కొమ్మలో పుట్టిన సంకేతం మాను చుట్టూ తిరిగి ఎదుటి పక్క కొమ్మలను నిద్ర లేపదు.

ఆహారం విషయంలోనూ కొమ్మలది ఇదే పద్ధతి. డగ్లస్ స్ప్రుగెల్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన ఒక సమీక్షా వ్యాసంలో, చెట్టు కొమ్మలు పిండిపదార్థాల విషయంలో చాలావరకు స్వయంపోషకాలని, నీడలో చిక్కి తన ఖర్చుకు సరిపడా సంపాదించలేని కొమ్మను పక్క కొమ్మలు సాధారణంగా ఆదుకోవని అనేక ప్రయోగాల ఆధారంగా వివరించారు. ఒకే కప్పు కింద ఉంటూ వేరు కుంపట్లు పెట్టుకున్న అన్నదమ్ముల వంటివి కొమ్మలు: మాను, వేరు ఉమ్మడి ఆస్తి, వండుకునేది ఎవరికి వారే. ఈ సూత్రానికి మినహాయింపు కూడా ఉంది. ఆకు రాలిన తరువాత కొత్త చిగురు, పూత వచ్చే కొద్ది వారాల్లో మానులోనూ వేళ్లలోనూ దాచిన నిల్వలు కొంత పైకి వస్తాయి. కాని ఆ నిల్వ ఏ కొమ్మకు ఎంత చేరుతుందన్నది దారువు అనే నీటి గొట్టాల అమరికపై ఆధారపడి ఉంటుంది. చాలా చెట్లలో ఈ గొట్టాలు నిలువుగా సాగి, ఒక వైపు వేళ్ల నీటిని ప్రధానంగా ఆ వైపు కొమ్మలకే అందిస్తాయి. కొన్ని జాతుల్లో ఈ విభజన గట్టిగా, మరికొన్నింటిలో సడలింపుగా ఉంటుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, మురుగుకాలువ తవ్వేటప్పుడో మానుకు ఒక పక్క వేళ్లు తెగితే, ఆ పక్క పైకొమ్మలు ఎండటానికి, పూత మానటానికి కారణం ఇదే.

ఈ నేపథ్యంలో పాణ్యం పరిసరాలను చూస్తే, ఒకే జాతి చెట్టు పూత ఇక్కడ ఎందుకంత మారుతుందో స్పష్టమవుతుంది. ఈ ఊరి పేరు భూగర్భ శాస్త్రంలో స్థిరపడిన పేరు. భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథంలో, ఎర్రమల కొండల పైభాగాన కనిపించే గట్టి స్ఫటికశిలకు పాణ్యం పేరు పెట్టాడు. కోయిలకుంట్ల సున్నపురాయి, ఔకు పలకరాయి, నంద్యాల పలకరాయి, బనగానపల్లె స్ఫటికశిల అన్నవీ ఈ సీమ ఊళ్ల పేర్లతోనే ఏర్పడిన శిలావరుసలు. స్ఫటికశిల అరిగి మిగిల్చే మట్టి పలుచన, రాళ్లమయం. వాన వెలిసిన కొద్ది వారాలకే తడి ఇంకి పోతుంది. అక్కడినుంచి కుందూ నది లోయలోకి దిగితే, పలకరాయి, సున్నపురాయి అరిగి ఏర్పడిన నల్లరేగడి లోతుగా పరుచుకొని ఉంటుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ కొలతల ప్రకారం దాదాపు రెండు మీటర్ల లోతున్న నల్లరేగడి, మొక్కలకు అందగలిగిన నీటిని 200 మిల్లీమీటర్లకు పైగా పట్టి ఉంచగలదు. ఈ రెండు నేలల మధ్య దూరం కొన్నిచోట్ల నడిచి దాటగలిగినంతే. కొండ పాదంలోని తురాయి జనవరికే ఆకు రాల్చి మోడై నిలిస్తే, లోయలోని తురాయి మరికొన్ని వారాలు ఆకును పట్టుకొని ఉండటం సహజం. పూత తేదీలు కూడా అంతే దూరం జరుగుతాయి.

నేలకు తోడు కాలువలు. 19వ శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వగా 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసిన కర్నూలు-కడప కాలువ నంద్యాల మీదుగా సాగుతుంది. శ్రీశైలం కుడి కాలువ నీటిని నిల్వచేసే గోరుకల్లు జలాశయం పాణ్యం మండలంలోనే ఉంది. కాలువ గట్టు ఊట, పంట కాలువ నీరు, ఇంటి వెనుక బోరు నీరు, కుళాయి దగ్గర కారే నీరు అన్నీ చెట్టు దృష్టిలో వానలే. తురాయి వేళ్లు లోతుకు దిగటం కంటే నేల పైపొరలో వెడల్పుగా పరుచుకోవటం ఎక్కువ కనుక, ఒక పక్క ఇంటి మురుగునీరు నిలిచి, మరో పక్క సిమెంటు పరిచిన నేల ఉంటే, ఆ రెండు పక్కల వేళ్లు రెండు వేరు వేరు రుతువుల్లో ఉన్నట్లే. తడి ఆరని పక్క కొమ్మలు ఆకు రాల్చవు. ఆకు రాల్చని కొమ్మ నిండుగా పూయటం తక్కువ.

నీరు ఎక్కువైతే పూత ఎందుకు తగ్గాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దీనికి జవాబు ఉష్ణమండల వృక్షాలపై జరిగిన పరిశోధనల్లో ఉంది. 1960లో బ్రెజిల్‌కు చెందిన పాలో ఆల్విమ్, కాఫీ మొక్కకు నిరంతరం నీరు పెడుతూ ఉంటే ఏర్పడిన పూమొగ్గలు విచ్చుకోకుండానే ఉండిపోతాయని, కొంతకాలం నీటి ఎద్దడికి గురిచేసి ఆ తరువాత తడిపితే గుత్తులుగా విచ్చుకుంటాయని చూపాడు. 1967లో డేనియల్ జాన్జెన్, మధ్య అమెరికా అడవుల్లో చెట్లు పొడికాలంలోనే మూకుమ్మడిగా పూయటం వెనుక ఉన్న జీవపరిణామ ప్రయోజనాలను చర్చించాడు. ఆకు లేని కొమ్మపై పువ్వు దూరం నుంచి కీటకాలకూ పక్షులకూ కనిపిస్తుంది. ఎదుగుదలకు అనుకూలం కాని కాలాన్ని చెట్టు సంతానోత్పత్తికి వాడుకుంటుంది. రోల్ఫ్ బోర్చర్ట్ 1994లో కోస్టారికా పొడి అడవుల్లో చేసిన కొలతలు ఈ అవగాహనను మరింత లోతుకు తీసుకెళ్లాయి. ఎండాకాలంలో ఆకు రాల్చిన చెట్టు, నీరు ఆవిరయ్యే దారి మూసుకోవటం వల్ల, వాన పడకపోయినా తన మానులోని నీటిని తిరిగి నింపుకొని, ఆ బలంతోనే పూతకు, చిగురుకు దిగుతుందని ఆయన చూపాడు. ఏప్రిల్ ఎండలో, చినుకు లేకుండా తురాయి ఎలా పూయగలుగుతుందన్న ఆశ్చర్యానికి కూడా సమాధానం ఇందులో దొరుకుతుంది. అదే జాతి చెట్టు తడినేలలో ఒకలా, పొడినేలలో మరోలా ప్రవర్తించటమూ ఆ అధ్యయనంలో వెల్లడైన విషయమే. బోర్చర్ట్, ఆయన బృందం 2005లో నేచర్ పత్రికలో ప్రచురించిన మరో పరిశోధన, భూమధ్యరేఖ దగ్గర సైతం చెట్లు సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో వచ్చే స్వల్ప మార్పులను గుర్తించి ఒకేసారి పూయగలవని తెలిపింది. ఉత్తర అక్షాంశం 15.5 డిగ్రీల మీద ఉన్న పాణ్యంలో అతి పొడవైన పగలు దాదాపు 13 గంటలు, అతి చిన్నది 11 గంటలకు కొద్దిగా ఎక్కువ. రెండు గంటలకు దగ్గరగా వచ్చే ఈ తేడా చెట్టుకు రుతువు తెలియటానికి చాలినంత.

వెలుతురు విషయంలో ఈ అక్షాంశానికి మరో విశేషం ఉంది. నాటేవాళ్లు దీనిని తరచు మరచిపోతారు. మే మొదటి వారం నుంచి ఆగస్టు 10 ప్రాంతం వరకు పాణ్యంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. మిగతా తొమ్మిది నెలలూ దక్షిణంగానే ఉంటాడు. తురాయి తన పూతకు కావలసిన ఆహారాన్ని కూడబెట్టుకునేది వానల నుంచి ఆకు రాలే వరకు, అంటే ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణంగా ఉన్న నెలల్లో. డిసెంబరు చివరన మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కనుక, ఏడు మీటర్ల ఎత్తున్న మిద్దె ఉత్తరానికి దాదాపు ఐదున్నర మీటర్ల నీడ వేస్తుంది. చెట్టుకు దక్షిణాన అంత దగ్గరలో మిద్దె లేస్తే, ఆ పక్క కింది కొమ్మలు శీతాకాలమంతా నీడలో గడిపి, పూత వేళకు చేతిలో ఏమీ లేని స్థితికి వస్తాయి. అదే మిద్దె ఉత్తరాన ఉంటే నష్టం చాలా తక్కువ. పది, పదిహేనేళ్లు నిండుగా పూసిన చెట్టు హఠాత్తుగా ఒక పక్క పూయటం మానిందంటే, మొదట చూడవలసింది ఆ పక్క కొత్తగా ఏం కట్టారన్నది.

వీధి దీపాల ప్రభావాన్ని కూడా తోసిపుచ్చలేము. రాత్రివేళ కృత్రిమ కాంతి పడే కొమ్మలు పగలు ఇంకా ముగియలేదన్నట్లు ప్రవర్తిస్తాయి. 1936లోనే న్యూయార్క్ వీధుల్లో, దీపానికి దగ్గరి కొమ్మలు ఆకును ఆలస్యంగా రాల్చటాన్ని ఎడ్విన్ మాట్జ్‌కీ నమోదు చేశాడు. ఒకే చెట్టులో దీపం వైపు ఆకు నిలిచి, చీకటి వైపు రాలటం ఆయన గమనించిన వాటిలో ఒకటి. ఎల్‌ఈడీ దీపాలతో రాత్రులు ఇంకా వెలిగిపోతున్న ఊళ్లలో దీపస్తంభం పక్క చెట్టును చూసేటప్పుడు ఈ విషయం గుర్తుండాలి.

పూతకు అడ్డుపడే మరో శక్తి పూత ఫలితమే. బాగా పూసిన తురాయి కొమ్మకు జానెడు నుంచి మూరెడు పొడవున్న కాయలు కత్తుల్లా వేలాడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండే ఆ కాయ ముదిరి కొయ్యలా గట్టిపడటానికి చాలా ఆహారం ఖర్చవుతుంది. ఖర్చు ఒక్కటే కాదు, కాయలోని గింజలు జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. ఇవి కాండాన్ని సాగదీసి, చాలా వృక్షజాతుల్లో పూమొగ్గ ఏర్పడటాన్ని అణచివేస్తాయి. 1967లో చాన్, కెయిన్ అనే శాస్త్రవేత్తలు గింజ పట్టే యాపిల్ కాయలున్న రెమ్మలు మరుసటి ఏడు పూయవని, గింజలేని కాయలున్న రెమ్మలు పూస్తాయని చూపి, అపరాధి కాయ కాదు, గింజ అని తేల్చారు. ఈ లెక్కను ఎవరికన్నా బాగా ఎరిగినవారు పాణ్యానికి నైరుతిన ఉన్న బనగానపల్లె మామిడి రైతులు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడిలో ఏడాది విడిచి ఏడాది కాపు, ఒకే చెట్టులో ఒక పక్క పూత, మరో పక్క లేత ఎర్ర చిగురు రావటం తోటల్లో రోజూ కనిపించే సంగతులు. ఉష్ణమండలంలో మామిడి రెమ్మ పూయాలంటే, అది చిగురించి నాలుగైదు నెలలైనా గడిచి ముదరాలి; కాయ కాసిన కొమ్మ ఆలస్యంగా చిగురిస్తుంది, కనుక చలికాలానికి దాని వయసు చాలదు. రైతులు కల్టార్ అని పిలిచే పాక్లోబ్యూట్రజాల్ మందును వేళ్ల దగ్గర పోయటం వెనుక ఉన్న ఉద్దేశం, చెట్టులో జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించి కొమ్మలన్నిటినీ ఒకేసారి పూతకు మళ్లించటమే. పండ్ల తోటలో రాబడి కోసం చేసే ఈ పనిని, మట్టిలో చాలాకాలం నిలిచిపోయే ఆ మందుతో, కేవలం వీధి అందం కోసం తురాయికి చేయటం తగదు.

ఎరువు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1918లో అమెరికాలోని ఒరెగాన్‌లో క్రాస్, క్రేబిల్ టమాటా మీద చేసిన ప్రయోగాల్లో, నత్రజని మరీ సమృద్ధిగా అందిన మొక్కలు ఆకుతో ఏపుగా పెరిగి కాపు ఇవ్వలేదు. పిండిపదార్థం, నత్రజని తగిన పాళ్లలో ఉన్నవే కాశాయి. పేడదిబ్బ పక్కన ఉన్న తురాయి, ఆ దిబ్బ వైపు ముదురాకుపచ్చగా పెరిగి పూయకపోవటానికి ఈ లెక్క చాలు.

చెట్టుకూ చెట్టుకూ మధ్య తేడాలో మాత్రం వారసత్వానికి పెద్ద పాలు ఉంది. జపాన్‌లో వసంతంలో వీధులన్నీ ఒకేసారి తెల్లబారటానికి కారణం, అక్కడ విస్తారంగా నాటిన సోమేయీ-యోషినో చెర్రీ చెట్లన్నీ అంటుకట్టి పెంచిన ఒకే చెట్టు ప్రతిరూపాలు కావటం. అన్నిటి జన్యుసంపద ఒకటే గనుక, ఒక ఊళ్లో ఒకే వాతావరణం తగిలితే అన్నీ ఒకేసారి స్పందిస్తాయి. తురాయిని మన నర్సరీల్లో గింజ నుంచి పెంచుతారు. గింజ నుంచి వచ్చిన ప్రతి మొక్కా వేరు వ్యక్తి. ఒకటి నాలుగైదేళ్లకే పూస్తే, మరొకటి పదేళ్లు దాటినా తొలి పూతకు రాకపోవచ్చు. ఒకటి రక్తవర్ణం, మరొకటి నారింజ వన్నె. వీధి పొడవునా అన్నీ ఒకే వారంలో పూయాలని గింజ మొక్కల నుంచి ఆశించటం న్యాయం కాదు. ఎర్రమల వాలుల్లో సహజంగా పెరిగే మోదుగ, రేల, కొండగోగు చెట్లకూ ఇదే వర్తిస్తుంది. ముందు వెనుకలుగా పూసే చెట్ల గుంపు తేనెటీగకు ఆహారాన్ని ఎక్కువ రోజులు అందిస్తుంది కనుక, ఆ అసమానతను లోపంగా చూడకూడదు.

నిజమైన రోగం కారణమైన సందర్భాలూ ఉన్నాయి, వాటిని గుర్తించటం కష్టం కాదు. బదనిక అనే పరాన్నజీవి మొక్క కొమ్మపై మొలిచి, తన వేరును ఆ కొమ్మ దారువులోకి దించి నీటిని తాగుతుంది. దానికి పైనున్న కొమ్మ భాగం సన్నగిల్లి పూయదు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము అందక లేతాకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మానులో తొర్ర, పుట్టగొడుగులు కనిపిస్తే ఆ వైపు లోపల కుళ్లు సాగుతున్నట్లే, అటువంటి చెట్టు గాలివానకు పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తయితే, ఊళ్లలో తురాయి ఒక పక్కనే పూయటానికి అన్నిటికన్నా ఎక్కువగా కంటికి కనిపించే కారణం కరెంటు తీగల కింద కొమ్మలు నరకటం. తీగలకు తగిలే కొమ్మను తీయక తప్పదు. కాని తీసే కాలం, తీసే పద్ధతి పూతను నిర్ణయిస్తాయి. జనవరి నుంచి మార్చి లోపు నరికితే పూగుత్తి రావలసిన కొసలే పోతాయి. కొమ్మను మధ్యలో తెగ్గొట్టినప్పుడు, దాని బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు ఒక్కసారిగా లేచి, నిటారుగా ఎగబాకే లేత రెమ్మలుగా పెరుగుతాయి. కిందనున్న వేరు వ్యవస్థ అంతా యథాతథంగా ఉండి, పైన కొమ్మ మాత్రం తగ్గినందువల్ల ఆ రెమ్మలకు నీరు, నత్రజని దండిగా అందుతాయి. అవి ఎదుగుతాయే తప్ప ముదరవు, ముదరనిది పూయదు. ఒకటి రెండేళ్లు వదిలితే అవి నెమ్మదించి పూతకు వస్తాయి. కాని అప్పటికే అవి మళ్లీ తీగలకు తగులుతాయి కనుక మళ్లీ నరుకుతారు. ఇలా రోడ్డు వైపు కొమ్మలు ఏటేటా బాల్యంలోనే ఉండిపోతే, ఇంటి వైపు కొమ్మలు మాత్రం ఏటా పూస్తాయి. దీనికి బదులు, అడ్డుగా వచ్చే కొమ్మను మధ్యలో తుంచకుండా, అది మానుకో పెద్ద కొమ్మకో కలిసే చోట, అక్కడి ఉబ్బెత్తు కణుపును గాయపరచకుండా పూర్తిగా తీసివేస్తే, గుబురుగా లేచే రెమ్మల బెడద తగ్గుతుంది. ఆ పని జూన్ చివరలో, పూత ముగిసి తొలకరి పడిన వెంటనే చేస్తే, ఆ తరువాత వచ్చిన రెమ్మకు వానాకాలం, శీతాకాలం రెండూ దక్కి, తరువాతి ఏప్రిల్‌లోపు తొమ్మిది నెలల వయసు వస్తుంది.